రెండు దారాల గోడ

మా పెళ్లయి నెల కూడా నిండకముందే మా మావయ్యగారు తన సొంత అన్నగారి భుజం విరగ్గొట్టారు.

ఆ సమయానికి నేను మేడమీద ఉన్నాను. ఆరేయడానికని మా ఆయన చొక్కా తీసుకెళ్లి, చుట్టుపక్కల ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, దాన్ని నేనే తొడుక్కుని ఎండలో నిలబడ్డాను. తడిగా, చల్లగా, సబ్బు వాసనతో, చేతులు నా వేళ్లు దాటి కిందికి వేలాడుతూ భలే ఉంది. అప్పుడే కింద పెరట్లోంచి ఎండుకర్ర విరిగిన చప్పుడు వచ్చింది. పిట్టగోడ మీంచి వంగి చూశాను. పెద్దమావయ్యగారు నేలమీద కూలబడి, తన కుడిచేతి వంక అది ఇంకెవరిదో అయినట్టు చూసుకుంటున్నారు. మావయ్యగారి చేతిలో పార ఉంది. విరిగింది పార కర్ర కాదు.

ఇద్దరి పక్కనా, గోడ వెంట, పసుపుపచ్చ నైలాను దారం బిగించి ఉంది. గొడవంతా దాని గురించే.

ఇద్దరూ తాపీ మేస్త్రీలు. మా ఆయనా, పెద్దమావయ్యగారి కొడుకూ కూడా అదే పనిలో ఉన్నారు. ఆ కొడుకు మా ఆయన కంటే పెద్దవాడు, నాకు బావగారు. రెండిళ్లూ పక్కపక్కనే, ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. వీధివైపు వాకిలి, మధ్యలో ఇల్లు, వెనక పెరడు, పెరటి చివర సందు. రెండిళ్లకీ మధ్య, వీధి నుంచి సందు దాకా, ఒకే పొడవాటి గోడ. వాళ్ల నాన్నగారు కట్టారు. అది ఎంత తిన్నగా ఉండేదో అన్నదమ్ములిద్దరూ ఇప్పటికీ ఒకే మాటల్లో చెబుతారు.

ఇప్పుడది తిన్నగా లేదు. వంటిల్లు దాటేసరికి గోడ తెగి, వెనకసగం జానెడు పక్కకి జరిగి ఉంది. మావయ్యగారు వీధి కొస నుంచి దారం పట్టేవారు. ఆ దారం ప్రకారం వెనకసగం మా పెరట్లోకి చొరబడింది. పెద్దమావయ్యగారు సందు కొస నుంచి దారం పట్టేవారు. ఆ దారం ప్రకారం ముందుసగం వాళ్ల వాకిట్లోకి చొరబడింది. రెండు దారాలూ వంక పెట్టడానికి లేనంత తిన్నగా ఉండేవి. ఇంకే పని చేసుకునేవాళ్లయినా గోడ పాతబడి వంకరపోయిందిలే అని ఊరుకునేవారు. వీళ్లు గోడలు కట్టేవాళ్లు. గోడ దానంతటది నడవదని వీళ్లకి తెలుసు. కాబట్టి అవతలివాడే ఇటుకలు పీకి, జరిపి కట్టుకున్నాడు. ఏళ్ల తరబడి మాటలతో నడిచిన ఈ తగాదా, నేను కాపరానికొచ్చిన ఆ ఎండాకాలంలో పార దాకా వచ్చింది.

ఆసుపత్రిలో పెద్దమావయ్యగారు పరంజా మీంచి పడ్డానని చెప్పుకున్నారు. పనిలో కాలుజారానని ఒక మేస్త్రీ ఒప్పుకోవడం అంటే ఏమిటో నీకు తెలియదు అని మా ఆయన నాతో అన్నాడు. తమ్ముడు కొట్టాడని మాత్రం ఆయన నోట రాలేదు.

నేను కాలేజీలో భూగర్భశాస్త్రం చదివాను. అత్తయ్యగారు ఎదురింటివాళ్లకి రాళ్ల చదువు అని చెబితే, అయితే మేస్త్రీల ఇంటికి సరిగ్గా కుదిరిందే అన్నారట వాళ్లు. ఆ సాయంత్రం గోడ తెగిన చోటికి వెళ్లి చూశాను. ఎవరైనా పీకి కట్టి ఉంటే కొత్త సున్నం కనపడాలి. వెనకసగంలో పాత సున్నం పాతగానే ఉంది, ఇటుక ఇటుకని పట్టుకునే ఉంది. పునాదితో సహా మొత్తం సగానికి సగం జరిగింది. అదే వరసలో, బట్టలుతికే సిమెంటు గట్టు రెండుగా పగిలి ఉంది. అక్కణ్ణుంచి ఆ గీత నేరుగా మా గదిలోకి వెళ్లింది.

మా గది గురించి చెప్పాలి. మా పెళ్లి కోసం మావయ్యగారు వంటింటి వెనక కొత్తగా కట్టిన గది అది. పనివాళ్లని పెట్టకుండా తనే కట్టారు. కిటికీ గట్టు వెడల్పుగా, మనిషి కాళ్లు ముడుచుకుని కూర్చోవడానికి వీలుగా పెట్టారు. నా ఎత్తెంతో కొడుకుని అడిగి తెలుసుకుని, నాకు అందేలా అర కట్టారు. నా జీవితంలో నాకోసం కొలిచి కట్టిన మొదటి వస్తువు ఆ అర. రోజుకోసారి దానిమీద ఉన్నవన్నీ దించి, తుడిచి, మళ్లీ అమర్చుకునేదాన్ని. గచ్చు మీద మంచం కింద నుంచి గోడ దాకా సన్నటి గీత ఉండేది. మొదట నా తలవెంట్రుక అనుకుని గోటితో తీయబోయాను. రాలేదు.

మర్నాడు మా ఆయన్ని రెండు ఇటుకలు అడిగాను. ఎందుకని అడగలేదు, ఎలాంటివి కావాలని అడిగాడు. అందుకే ఆయనంటే నాకిష్టం. ఒకదాన్ని ఏటవాలుగా రెండు ముక్కలు చెయ్యమన్నాను. టైల్సు కోసే మిషనుతో, నీళ్లు చల్లుకుంటూ, సబ్బుబిళ్లని కోసినంత నున్నగా కోసిచ్చాడు. ఇద్దరం గదిలో గచ్చుమీద బోర్లా పడుకున్నాం.

ఆ రెండు ముక్కల్నీ మళ్లీ ఇటుకలా చేర్చి, ఇది నేల అన్నాను. లోపల పగులుంది. మా పుస్తకాల్లో దాన్ని భ్రంశం అంటారు. పగులు ఉన్నందుకు ఏమీ కాదు, దాని వెంట రెండు పక్కలూ కదలడంలోనే ఉంది అంతా. ముక్కల్ని చెరోవైపూ లాగాను. పై ముక్క ఏటవాలు వెంట కిందికి జారింది. దగ్గరికి నొక్కాను. అదే ముక్క రెండోదాని మీదికి ఎక్కింది. నేల సాగే చోట ఇలా కుంగుతుంది, నలిగే చోట ఇలా లేస్తుంది అని చెప్పాను. ఇక మూడో రకం ఎక్కదు, దిగదు. రెండు పక్కలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ అడ్డంగా పోతాయి. మన పెరట్లో ఉన్నది అదే, ఏళ్ల తరబడి మెల్లగా జరుగుతోంది. భూకంపాలు పుట్టేది ఇలాంటి పగుళ్లలోనే.

గడ్డం కింద పిడికిలి పెట్టుకుని విన్నాడు. ఇంత మెల్లగా పోయేదానికి భూకంపం దేనికి వస్తుందని అడిగాడు. మంచి ప్రశ్న వేసినందుకు ఒక ముద్దిచ్చి, రెండో ఇటుకకి సైకిల్ ట్యూబు ముక్క కట్టి, ఇసక చల్లిన గచ్చుమీద పెట్టి లాగమన్నాను. లాగాడు. ట్యూబు సాగింది, ఇటుక కదల్లేదు. ఇంకా లాగాడు. కదల్లేదు. ఇంకొంచెం లాగేసరికి ఇటుక ఒక్క గెంతు గెంతి వచ్చి ఆయన కాలి బొటనవేలికి తగిలింది.

"తెలిసింది," అన్నాడు, వేలు పట్టుకుని గెంతుతూ.

"నేనింకా చెప్పలేదండీ."

"వేలికి తెలిసింది."

కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుకుని, మిగతాది అప్పుడు చెప్పాను. రాయి కూడా ఆ ట్యూబులాగే సాగుతుంది, కంటికి కనపడదంతే. గరుకు పట్టు వదిలేదాకా బలమంతా లోపల కూడుకుంటుంది. వదిలిన క్షణాన కూడుకున్నదంతా ఒక్కసారిగా బయటికొస్తుంది. అయితే మన గోడ మెల్లగా జరుగుతోంది కాబట్టి పట్టు లేనట్టేగా, మంచిదేగా అన్నాడు. పైన జారుతోంది, లోతున పట్టుకుని ఉందో లేదో తెలియదు అన్నాను. ఆయన గచ్చుమీది గీత వంక, దానిమీద ఉన్న మా మంచం వంక చూశాడు.

ఆ సాయంత్రం ఇద్దరం గీత వెంట వీధుల్లోకి వెళ్లాం. ముందు కనిపెట్టినవాళ్లు రెండోవాళ్ల చెవి మెలెయ్యాలని పందెం. పక్క వీధిలో కాలిబాట అంచురాళ్లు ఒకచోట తప్పుకుని ఉన్నాయి. నాకు దొరికింది. మురుగు కాలవ ఒకచోట మోచెయ్యిలా వంగింది. ఆయనకి దొరికింది. రొట్టెల దుకాణం పక్కగోడ, బడి కంచె, అన్నీ ఒకే వరసలో, అన్నీ ఒకేవైపుకి. కంచె దగ్గర గీతకి నేను ఇవతల, ఆయన అవతల నిలబడ్డాం. నువ్వే నా కుడిపక్కకి జరిగినట్టున్నావన్నాడు. నాకూ మీరే కుడిపక్కకి జరిగినట్టున్నారు అన్నాను. చోట్లు మార్చుకుని చూసినా అంతే. ఎటు నిలబడినా అవతలివాళ్లే కుడికి పోయినట్టు కనిపిస్తుంది. నవ్వుతూ నవ్వుతూ ఆయన ఆగిపోయాడు. వెంటనే నాన్నకి చెప్పాలన్నాడు.

చెబితే గొడవ తీరిపోతుందనుకున్నాం. కొత్తగా పెళ్లయినవాళ్లకి అన్నీ తీరిపోయేవిగానే కనిపిస్తాయి.

మావయ్యగారు మా వెంట వచ్చి, కాలిబాటా రొట్టెల దుకాణం గోడా చేత్తో తడిమి చూశారు. ఇంటికొచ్చాక పెరట్లో గోడకి ఇటు మేమూ అటు వాళ్లూ నిలబడ్డాం. పెద్దమావయ్యగారి చెయ్యి మెడకి వేలాడదీసిన గుడ్డలో ఉంది. నేను మళ్లీ మొదట్నుంచీ చెప్పాను. మావయ్యగారు తలూపి, సరే, నేలే జరిపింది, ఏ సగాన్ని జరిపింది అని అడిగారు.

ముందునుంచి చూస్తే వెనకసగం జరిగినట్టు, వెనకనుంచి చూస్తే ముందుసగం జరిగినట్టు అన్నాను. అంతకంటే నిజం నా దగ్గర లేదు.

"విన్నావా? ముందుసగం జరిగిందంటోంది పిల్ల," అన్నారు పెద్దమావయ్యగారు.

"చెవులు కూడా విరిగాయా నీకు? వెనకసగం అంది."

అంతవరకూ ఇద్దరికీ చెరో దారం ఉండేది. ఇప్పుడు నా డిగ్రీ కూడా చెరిసగం దొరికింది. అత్తయ్యగారు నన్ను లోపలికి పొమ్మని సైగ చేశారు. బావగారొక్కరే, ఇది ఒక్కసారిగా కూడా కదులుతుందా అని అడిగారు. కదలొచ్చన్నాను. ఎప్పుడన్నారు. అది ఎవరూ చెప్పలేరన్నాను. ఆయన కూడా మా గది వంకే చూశారు.

అందుకని, ముందు హాల్లో పడుకుంటామని మావయ్యగారిని అడిగాను. భయపడుతూనే అడిగాను.

"నువ్వు పడుకునే గది కింద నుంచే పోతోందా అది?"

"మంచం కింద నుంచే మావయ్యగారూ."

"అది నేను కట్టిన గదమ్మా," అన్నారు. కోపంగా కూడా కాదు. మేం ఆ గదిలోనే పడుకున్నాం.

వారం తిరక్కుండా ఆయన గోడ వెనకసగాన్ని పడగొట్టి, తన దారం ప్రకారం మళ్లీ కట్టడం మొదలుపెట్టారు. ఈసారి ఇటుక కాదు, ఇనప చువ్వలూ కాంక్రీటూ. గోడలోని చువ్వల్ని మా గది దూలంలోంచి తీసుకెళ్లి వంటింటి గోడలో దిగ్గొట్టారు. గోడా, గదీ, ఇల్లూ ఒకదానికొకటి బిగించేశాక మీ నేలని కదపమను చూద్దామన్నారు నాతో. బలంగా ఉంటే నిలబడుతుందన్నది ఆయన బతుకంతా నిజమైన మాట. ఇక్కడ మాత్రం కాదు. గది సగం ఇటు నేలమీదా సగం అటు నేలమీదా ఉంది. అది చిరిగిన రోజున ఒక్కటే పోదు, చువ్వలతో వంటింటిని కూడా లాక్కుపోతుంది. వంటింట్లో పొద్దున్నుంచీ సాయంత్రం దాకా అత్తయ్యగారు ఉంటారు. ఆ చువ్వల్ని వంచింది మా ఆయనే. నేను చెప్పిందంతా విని కూడా, తండ్రి అందించమన్నప్పుడల్లా తల వంచుకుని అందించాడు. ఆ కాంక్రీటు గట్టిపడుతున్న కొద్దీ ఇంట్లో ఒక మనిషి ప్రాణం మా ఆయన చేతులతోనే బిగుస్తోంది.

ఇంతలో మా గది తలుపు పట్టేయడం మొదలైంది. మొదటిసారి లోపల ఇరుక్కుపోయినప్పుడు చాలా సంతోషించాం, ఎవరూ రాలేరని. మూడోసారికి ఆయన భుజంతో గుద్ది తెరవాల్సి వచ్చింది. మావయ్యగారు వడ్రంగిని తిట్టారు. ఒక మధ్యాహ్నం భోంచేస్తుంటే అరలో గిన్నెలు గలగలమన్నాయి. లారీ పోతోందన్నారాయన. మన సందులో లారీ పట్టదన్నారు అత్తయ్యగారు.

గోడ మెడ ఎత్తుకి లేచిన రోజున బావగారు సమ్మెట పట్టుకుని వచ్చారు.

అది వాళ్ల నేలలో కట్టిన గోడ కదా, వాళ్ల లెక్కలో. పెద్దమావయ్యగారు వెనక నిలబడి కొట్టమన్నారు. మొదటి దెబ్బకి గోడ చెక్కుచెదరలేదు, మా కిటికీ అద్దం రాలిపోయింది. అన్నీ ఒకదానికొకటి కట్టేసి ఉన్నాయిగా. నేను కిటికీ గట్టుమీద కూర్చునే ఉన్నాను, గాజుముక్కలు ఒళ్లో పడ్డాయి. మావయ్యగారు సగం ఇటుక తీసి విసిరారు. అది బావగారి చెవికి తగిలి, చెవి తమ్మె చీలి, మెడ మీంచి చొక్కాలోకి నెత్తురు దిగింది. అవతల నుంచి పెద్దత్తయ్యగారు ఇనప బకెట్టు ఎత్తి గోడమీంచి వేశారు. అది అత్తయ్యగారి మోకాలిని కొట్టింది. అత్తయ్యగారు కుంటుకుంటూ వెళ్లి అదే బకెట్టు తీసుకుని తిరిగి విసిరారు. ఎవరి నోట ఏ బూతు వస్తోందో తెలియలేదు. ఎప్పుడూ వరసలు పెట్టి పిలుచుకునే మనుషులు.

మావయ్యగారు గునపం తెచ్చి మా ఆయన చేతిలో పెట్టారు.

"వాడి చెయ్యి కూడా విరగాలి. కొట్టరా."

మా ఆయన గునపం పట్టుకుని బావగారి వంక చూశాడు. బావగారు ఒక చేత్తో చెవి నొక్కుకుని, రెండో చేత్తో సమ్మెట ఎత్తే ఉంచారు. వీళ్లిద్దరూ చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నారని అత్తయ్యగారు నాకు చెప్పి ఇంకా ఎన్నో రోజులు కాలేదు. ఆ గునపం లేస్తే ఆ తర్వాత ఈ మనిషి పక్కన ఎలా పడుకోవాలో నాకు తెలియలేదు.

మా ఆయన వెనక్కి తిరిగాడు. మా గది దూలం వంటింటి గోడలోకి దిగే చోట గునపం మొన ఆనించి, పొడిచాడు.

ఏం చేస్తున్నాడో కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. పెచ్చులు రాలి చువ్వలు కనపడేసరికి మావయ్యగారికి అర్థమైంది. సిమెంటు చదును చేసే పొడవాటి చెక్క తీసుకుని కొడుకు వీపుమీద కొట్టారు. మా ఆయన ఆగలేదు. మళ్లీ కొట్టారు. చెక్క విరిగింది. మిగిలిన ముక్కతో కొట్టారు. నేను అడ్డం వెళితే నన్ను మోచేత్తో తోసేశారు. మా ఆయన వెనక్కి కూడా చూడలేదు, పొడుస్తూనే ఉన్నాడు. అప్పుడు బావగారు గోడ దూకి మా పెరట్లోకి వచ్చారు. మావయ్యగారిని దాటుకుని వెళ్లి, దూలం రెండో పక్కన సమ్మెటతో కొట్టడం మొదలుపెట్టారు. ఇద్దరూ పనిలో ఎప్పుడూ ఎలా కొడతారో అలా, ఒకరి దెబ్బ తర్వాత ఒకరి దెబ్బ వేసుకుంటూ పోయారు.

చువ్వల్ని మా ఆయన కటింగ్ మిషనుతో కోశాడు. చివరిది తెగినప్పుడు గది కొంచెం వెనక్కి ఒరిగి, వంటింటికీ దానికీ మధ్య వేలు పట్టేంత సందు తెరుచుకుంది. దాంట్లోంచి ఎండ వంటింట్లోకి పడింది.

ఆయన వీపంతా చారలు. మందు రాస్తుంటే చక్కిలిగిలి పెడుతోందని నవ్వాడు. ఏడుస్తూ నేనూ నవ్వాను. ముందు హాల్లో చాప పరుచుకున్నాం. అక్కడ కిటికీ లేదు, అరా లేదు. ఆ చాప మీద నేను పడుకున్నంత హాయిగా ఆ ఎండాకాలంలో ఇంకెవరూ పడుకుని ఉండరు.

మావయ్యగారు కొడుకుతో మాటలు మానేశారు. తన ఇనప మంచాన్ని ఒక్కరే ఈడ్చుకెళ్లి మా గదిలో వేసుకున్నారు. కొడుకు నరికి పారేసిన గదిలో తనే ఉంటానన్నారు. పగిలిన అద్దం చోట కొత్తది బిగించారు. రాలిన సున్నం మళ్లీ పూశారు. మధ్యాహ్నం ఎండకి పనులు ఆపేసి అందరూ నీడకి చేరే వేళ ఆయన ఆ గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేవారు.

వంటిల్లు విడిపడింది, అత్తయ్యగారు దక్కారు, ఇప్పుడు ఈయన. రోజూ చల్లటి నీళ్లు తీసుకుని వెళ్లేదాన్ని. బయటికి రమ్మని అడిగేదాన్ని.

"నీ పగులు మీద చల్లగా ఉందమ్మా," అనేవారు.

కిటికీ గట్టుమీద కూర్చుని ఏవేవో చెప్పేదాన్ని. ఈ గది ఎంత బాగుందో, ఇందులో నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పాను. అది నిజం కాబట్టి తేలిగ్గా వచ్చింది. చివరికి ఒక రోజున ఆయన లేచి కూర్చుని, అయితే ఎక్కడ కట్టాలంటావని అడిగారు. గీతకి ఇటు కొంత, అటు కొంత వదిలేసి ఎక్కడైనా కట్టొచ్చు, దానిమీద మాత్రం వద్దన్నాను. మంచం తియ్యాలంటే ఇంకో మనిషి కావాలి, రేపు చూద్దామన్నారు. నేను వంటింట్లోకి పరిగెత్తుకెళ్లి అత్తయ్యగారిని కావలించుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం అయింది. ఎండకి పాదాలు మండుతున్నాయంటే మా ఆయన ముందు వాకిట్లో నా కాళ్లమీద చెంబుతో చన్నీళ్లు పోస్తున్నాడు. ముందు చప్పుడు వినిపించింది, కింద నుంచి, పెద్ద బండరాయిని ఈడుస్తున్నట్టు. నేల పైకీ కిందికీ ఊగలేదు. పక్కకి కొట్టింది. నన్ను గుమ్మానికేసి విసిరింది. చెంబు వీధిలోకి ఎగిరిపోయింది. నేను ఆయన నడుం పట్టుకున్నాను, ఆయన గుమ్మం పట్టుకున్నాడు, గుమ్మం మా ఇద్దర్నీ విదిలించింది. హాల్లో బీరువా బోర్లా పడింది. ఎదురింటి పిట్టగోడ మొత్తంగా ఊడి, కింద ఆగి ఉన్న తోపుడుబండిని నేలలోకి నొక్కేసింది. మేడమీది నీళ్లట్యాంకు దొర్లి వచ్చి వాకిట్లో పగిలింది. ఎవరు అరుస్తున్నారో తెలియలేదు, తర్వాత గొంతు పోయినప్పుడు నేనే అని తెలిసింది.

అత్తయ్యగారు వంటింట్లోంచి నడిచి వచ్చారు. తలంతా సున్నం. చేతిలో గరిటె అలాగే ఉంది. వంటింటి గోడ నెర్రెలిచ్చింది గాని నిలబడింది.

వెనక్కి పరిగెత్తాం. వంటింటి గుమ్మానికి ఎదురుగా ఉండే కుళాయి అక్కడ లేదు. బారెడు కుడికి పోయి, తెగిన గొట్టంలోంచి నీళ్లు చిమ్ముతోంది. పెరడంతా, చెట్లతో సహా, కుడికి పోయింది. మా గదిని ఎవరో రెండు చేతులతో పట్టుకుని చెరోవైపూ లాగినట్టు ఉంది. గోడలు లేవు. కప్పు పలక ఏటవాలుగా కూలి, ఒక మూల ఇటుకల కుప్పమీదా, ఒక అంచు మంచం మీదా ఆగింది. దాని కింద మావయ్యగారి తలా, ఒక చెయ్యీ కనిపిస్తున్నాయి.

"ఎవరూ రాకండి," అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. "ఇది ఇంకా దిగుతోంది."

నిజంగానే దిగుతోంది. ఇటుకలు ఒక్కొక్కటే నలిగి చప్పుడు చేస్తున్నాయి. మా ఆయన పలక అంచు పట్టుకుని ఎత్తబోయాడు. అది నలుగురు మనుషులకి కూడా లొంగేది కాదు.

పెద్దమావయ్యగారు కూలిన పాతగోడ మీంచి దాటి వచ్చారు, వెనకే బావగారూ, పెద్దత్తయ్యగారూ. పెద్దమావయ్యగారు ఒక్క చూపుతో బరువెక్కడ ఉందో చూశారు. లారీల షెడ్డుకి పోయి జాకీ తెమ్మని కొడుకునీ మా ఆయన్నీ పంపించారు. ఇటుకల కుప్ప మీద ఆగిన ఆ మూల ఒక్కటి నిలబడితే చాలన్నారు, ఎవరితోనో గాని. అని వంగి, పలక కిందికి దూరి, ఆ మూలకి వీపు ఆనించి కూర్చున్నారు. ఒక మనిషి వీపు ఆ బరువుని ఆపలేదని అక్కడున్న ఇద్దరు మేస్త్రీలకీ తెలుసు.

"అన్నయ్యా, లే," అన్నారు మావయ్యగారు. "అది పడితే ఇద్దరం పోతాం."

"నోర్మూసుకుని పడుకో."

"నీకు చెయ్యి కూడా లేదు."

"వీపుందిగా."

ఆ తర్వాత పెద్దమావయ్యగారు తిట్టడం మొదలుపెట్టారు. గది కట్టడానికి ఇంతకంటే మంచి చోటు దొరకలేదా అన్నారు. కప్పులో చువ్వలు ఎక్కువయ్యాయి, అందుకే ఇంత బరువుంది, ఎప్పుడు చెప్పినా వినవు అన్నారు. మావయ్యగారు కళ్లు మూసుకుని, మధ్యమధ్య ఊ కొడుతున్నారు. ఊ ఆగితే పెద్దమావయ్యగారు ఇంకా గట్టిగా తిడుతున్నారు.

అప్పుడు నేల రెండోసారి కదిలింది. మొదటిదంత కాదు గాని, చాలు. నేనూ, అత్తయ్యలిద్దరూ, సాయానికి వచ్చిన వాళ్లూ, అందరం వీధిలోకి పరిగెత్తాం. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో తెలియదు. వెనక ఏదో పెద్దగా కూలింది. దుమ్ము వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి మా మీదికి వచ్చింది. పెద్దత్తయ్యగారు అత్తయ్యగారి భుజంలో మొహం దాచుకున్నారు.

జాకీతో వచ్చినవాళ్లు మమ్మల్ని దాటుకుని లోపలికి పోయారు. నేనూ వెళ్లాను. కూలింది కొత్త గోడ. పలక అలాగే ఉంది. పెద్దమావయ్యగారు కూడా అలాగే ఉన్నారు, తెల్లటి బొమ్మలా, ఒళ్లో ఇటుక ముక్కలతో, పాదాలు రెండూ నేలకి తన్నిపెట్టి. పెదవి కొరుక్కున్నట్టున్నారు, గడ్డం మీద నెత్తురుంది.

జాకీ ఎక్కించి మావయ్యగారిని లాగారు. ఎడమకాలు మోకాలి కింద నుజ్జయింది. ప్రాణం ఉంది. చెక్కతలుపు మీద పడుకోబెట్టి మోసుకెళుతుంటే, నేను పెద్దమావయ్యగారి మొహం తుడుస్తూ, అందరం పరిగెత్తినప్పుడు మీరెందుకు లేవలేదని అడిగాను.

"కాలు తిమ్మిరెక్కిందమ్మాయ్," అన్నారు. "లేవలేకపోయాను."

అని లేచి, అందరికంటే ముందు వీధిలోకి నడిచారు, దారి అడ్డం తొలగమని అరుచుకుంటూ.

ఇప్పుడు రెండిళ్ల వాళ్లం పెద్దమావయ్యగారి ముందు హాల్లో ఉంటున్నాం. మా ఇద్దరికీ ఒక మూలన దుప్పటి అడ్డం కట్టారు. దుప్పటికి చిన్న చిరుగుంది, పొద్దున్నే దాంట్లోంచి ఎండచుక్క ఒకటి మా ఆయన ముక్కుమీద పడుతుంది, అది చెవి దాకా జరిగేలోపు ఆయన లేస్తాడా లేదా అని చూస్తూ పడుకుంటాను. హాల్లో రెండో మూలన మావయ్యగారి మంచం. ఆసుపత్రిలో ఆ కాలు తీసేయక తప్పలేదు. ఇంటికొచ్చాక చాలా రోజులు ఆయన ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు.

ఒక మధ్యాహ్నం నీళ్లు ఇస్తూ, ఆ రోజు రెండోసారి కదిలినప్పటి సంగతి నేను చెప్పాను. ఆయనకి అప్పుడు స్పృహ లేదట. అందరం పారిపోయామనీ, పెద్దమావయ్యగారు కూర్చున్నచోటే ఉండిపోయారనీ చెప్పాను. అడిగితే కాలు తిమ్మిరెక్కిందన్నారని కూడా చెప్పాను.

మావయ్యగారు నీళ్లు తాగడం ఆపారు.

"తిమ్మిరా పాడా," అన్నారు. "మా అన్నకి చిన్నప్పట్నుంచీ బద్ధకం. ఒకసారి కూచుంటే లేవడు."

గ్లాసు నా చేతికిచ్చి, అటు తిరిగి పడుకున్నారు. చాలాసేపటి దాకా ఇటు తిరగలేదు.